కదలని పిల్లలు

ఆ బుధవారం కల్యాణదుర్గం సంతవీధిలో లారీ హారను మోతకు ఒక ఎద్దు బెదిరింది. పలుపు తెంచుకుని, బాలవాడి నుంచి ఇళ్లకు పోతున్న పిల్లల మీదికి దూసుకువచ్చింది. పిల్లలు కేకలు పెడుతూ తలొక దిక్కుకు పరుగెత్తారు. మృదుల ఒక్కతే పరుగెత్తలేదు. నడివీధిలో బోర్లా పడుకుని, మెడ చాచి, గడ్డం మట్టికి ఆనించి అట్లాగే ఉండిపోయింది. ఎద్దు ఆ నాలుగేళ్ల పాప మీదుగా దూకి, పోయి టమాటా గంపల మీద పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెబుతున్నప్పుడు తండ్రి రామాంజనేయులు ముఖం వెలిగిపోతోంది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టరు. పాపను తీసుకురావడానికి వెళ్లి, వీధి మలుపులో నిలబడి అంతా కళ్లారా చూశాడు.

"ఎవరో చెప్పి పండుకోబెట్టినట్లు పండుకునింది, ఇందూ. పరుగెత్తింటే దాని కాళ్ల కింద పడిపోయేది. సంతలో జనమంతా మెచ్చుకున్నారు, ఎంత తెలివైన బిడ్డ అని."

పొయ్యి దగ్గర నిలబడిన ఇందుమతి మంట తగ్గించి ఇటు తిరిగింది. "ఏడ్చిందా?"

"లేదు. అదే కదా చెప్తాండా. ఒక్క కన్నీటి చుక్క లేదు."

"పిలిస్తే లేచిందా?"

"నేనే ఎత్తుకున్నా. కొంచేపు కట్టెమాదిరి బిగుసుకుని ఉండె. నాలుగు నిమిషాలేమో. తర్వాత మామూలుగా బన్ను కొనీమని అడిగింది."

"కళ్లు మూసుకుని ఉండెనా, తెరుచుకుని ఉండెనా?"

రామాంజనేయులు కొంచెం ఆలోచించాడు. "తెరుచుకునే ఉండె. యాల అడుగుతాండావు?"

వరండాలో మృదుల పలక మీద బొమ్మ గీసుకుంటోంది. ఇందుమతి ఒక స్టీలు పళ్లెం తీసుకుని, పాప వెనక్కి వెళ్లి, చేతిలోంచి వదిలేసింది. పళ్లెం గచ్చు మీద గణగణమంది. మృదుల ఉలిక్కిపడలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే మెల్లగా వాలిపోయి, గడ్డం గచ్చుకు ఆనించి పడుకుంది. ఇందుమతి వంగి మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఆ వయసు పిల్లకు భయం వేస్తే నాడి నిమిషానికి నూట ఇరవై, నూట ముప్పై కొట్టుకోవాలి. నలభై ఎనిమిది కొట్టుకుంటోంది.

"ఏమా చప్పుడు?" లోపలి నుంచి రామాంజనేయులు అడిగాడు.

"పళ్లెం జారిపోయింది," అంది ఇందుమతి.

పెళ్లయిన ఏడేళ్లలో ఆమె భర్తకు చెప్పిన మొదటి అబద్ధం అదే.

*

ఇందుమతి పశువైద్యురాలు. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, రాళ్లగుట్టల నడుమ ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రం ఉంది. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉద్యోగం. కంచెలు వేసిన రెండు వందల ఎకరాల బీడులో అక్కడ చింకారా జింకల్ని పెంచుతారు. వాటిని కాచే ఓబులేసు ఒకప్పుడు మేకలు కాసినవాడు. చింకారాల గురించి ఆమె పుస్తకాల్లో చదివిన దానికన్నా అతని దగ్గర విన్నదే ఎక్కువ. అవి మందలుగా తిరగవు, రెండో మూడో కలిసి ఉంటాయి. నీళ్లు దొరక్కపోయినా ఆకుల్లోని తడితో, పొద్దుటి మంచుతో రోజులు గడిపేస్తాయి. ఆడదానికి కూడా సన్నని కొమ్ములుంటాయి. ఐదున్నర నెలలు మోసి, ఒకటో రెండో ఈనుతుంది. "పన్నెండు పదమూడేండ్లు బతికితే గొప్ప, డాక్టరమ్మా," అనేవాడు ఓబులేసు. "అప్పటికి పండ్లు అరిగిపోతాయి. మేయలేదు. ఇంగ అంతే దాని కథ."

ఆరేళ్ల కిందట ఒక పొద్దున అతను ఆమెను రేగుపొద దగ్గరికి తీసుకువెళ్లి, నోటి మీద వేలు పెట్టుకుని, కిందికి చూపించాడు. ముందు ఆమెకు ఏమీ కనబడలేదు. తర్వాత ఎర్రమట్టి రంగులో రెండు చెవులు, ఒక కన్ను కనబడ్డాయి. రెండు రోజుల పిల్ల. తల్లి దాన్ని అక్కడ పడుకోబెట్టి దూరంగా మేతకు పోయింది. పాలివ్వడానికి రోజుకు మూడు నాలుగుసార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా పిల్ల ఒళ్లంతా నాకి, మలమూత్రాలు కూడా తానే తినేసి, వాసనన్నది లేకుండా చేసి పోతుంది. వాళ్లు అక్కడ ఉండగానే ఒక నక్క వచ్చింది. పిల్లకు పదడుగుల దూరంలో ఆగింది, ముక్కెత్తి గాలి పీల్చింది, వెళ్లిపోయింది. ఇందుమతి స్టెతస్కోపు పిల్ల పక్కటెముకల మీద పెట్టి విన్నది. మామూలప్పుడు నూట ఎనభై కొట్టుకునే గుండె యాభైకి దిగింది. ఊపిరి దాదాపు ఆగింది. భయపడ్డ జీవి గుండె పరుగెత్తడం ఆమెకు తెలుసు. భయపడి నెమ్మదించిన గుండెను వినడం అదే మొదటిసారి.

కేంద్రం అధిపతి డాక్టర్ కేశవమూర్తికి ఆమె ఈ సంగతి చెప్పింది. ఆయన రెండేళ్లు పగలూ రాత్రీ కష్టపడి, ఆ జింకపిల్లల నెత్తుట్లో నుంచి ఒక ప్రొటీనును వేరు చేశాడు. గుండెకు బ్రేకు వేసి, ప్రాణవాయువు తక్కువైనా మెదడు దెబ్బతినకుండా కాపాడేది అదే. నెలలు నిండకుండా పుట్టిన మనుషుల బిడ్డలకు కావలసింది కూడా అదే. ఊపిరితిత్తులు తయారుకాక, గాలి చాలక, చనిపోతున్న పిల్లలు ఆ ఇంజెక్షన్ వేస్తే వారాల తరబడి తట్టుకుని బయటపడ్డారు. దానికి నిశ్చల అని పేరు పెట్టారు.

ఆ మందు పరీక్షలు నడుస్తున్న రోజుల్లోనే ఇందుమతికి ఏడో నెల నిండకముందే నొప్పులు వచ్చాయి. పుట్టిన పాప తొమ్మిది వందల గ్రాములు. రెండో రోజుకు నీలంగా మారిపోయింది. నిశ్చల వేయడానికి ఒప్పుకుంటూ ఇందుమతి వెంటనే కాగితం మీద సంతకం పెట్టింది. నిశ్చల ఎక్కించిన పదకొండో బిడ్డ మృదుల.

"దీని ప్రభావం ఎన్నాళ్లుంటుంది సార్?" అని అప్పట్లోనే ఆమె అడిగింది.

కేశవమూర్తి బోర్డు మీద లెక్క వేసి చూపించాడు. జింక ఆయువు పద్నాలుగేళ్లనుకుంటే, పిల్ల అట్లా దాక్కుని కదలకుండా పడుకునేది మూడు వారాలు. మనిషి ఆయువు దానికి ఐదింతలు. కాబట్టి పదిహేను వారాలు, మహా అయితే నాలుగు నెలలు. "తర్వాత జింకపిల్ల లేచి పరుగెత్తదా? మన పిల్లలూ అంతే," అన్నాడు. లెక్క చక్కగా సరిపోయింది. మందు మూడు రాష్ట్రాలకు పోయింది. పన్నెండు వందల మంది పిల్లలు బతికారు. వాళ్ల తల్లులందరూ చెప్పేది ఒకటే మాట: మా బిడ్డ బంగారం, అల్లరి లేదు, టీకా వేసినా ఏడవదు.

*

మర్నాడు పొద్దున ఇందుమతి కేంద్రానికి వెళ్లగానే బీరువాలోంచి పాత రిజిస్టరు తీసింది. పదిహేడో నంబరు జింక పేజీ తిప్పకముందే అందులో ఏముందో ఆమెకు గుర్తుంది. తల్లి ఈతలోనే చనిపోతే సీసాపాలతో పెంచిన ఆడ జింకపిల్ల అది. ఎనిమిది నెలలకు బాగా ఎదిగింది. ఒకరోజు కంచె కింద నుంచి వీధికుక్కలు దూరాయి. ఆవరణలోని జింకలన్నీ గాలిలా పరుగెత్తాయి. పదిహేడు మాత్రం నేల మీద పడుకుంది. కుక్కలు దాన్ని పీక్కు తినడం ఓబులేసు దూరం నుంచి చూసి, రాళ్లు విసురుతూ వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికీ దాని కళ్లు తెరుచుకునే ఉన్నాయని, అది ఒక్క అరుపు కూడా అరవలేదని అతను చెప్పాడు. ఆమె అదంతా రాసింది. కేశవమూర్తి చదివి, "కుక్కలు మీద పడితే ఏ జింకైనా పడిపోతుందమ్మా," అన్నాడు. తుది నివేదికలో ఆ పేజీ చేర్చలేదు. ఇందుమతి అభ్యంతరం చెప్పలేదు. అప్పటికి మృదుల పదకొండు వారాల బిడ్డ, ఇంకా గాజుపెట్టెలోనే ఉంది. ఆ పేజీ నిజమని ఒప్పుకునే ధైర్యం ఆ రోజుల్లో ఆమెకు లేదు.

రిజిస్టరు పట్టుకుని ఆమె కేశవమూర్తి గదిలోకి వెళ్లింది. ఎద్దు సంగతి, పళ్లెం సంగతి, నాడి సంగతి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత సొరుగు లాగి, ఒక పసుపు ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు.

అందులో మూడు ఉత్తరాలున్నాయి, మూడు ఆసుపత్రుల నుంచి వచ్చినవి. స్నానాల తొట్టిలో జారిపడి, మోకాలి లోతు నీళ్లలో మునిగిపోయిన రెండేళ్ల బాబు. ట్రాక్టరు వెనక్కి వస్తుంటే దారిలో పడుకుండిపోయిన మూడేళ్ల పాప. పూరిపాకకు నిప్పంటుకుంటే బయటికి రాని ఇంకో పాప. ముగ్గురూ నిశ్చల వేసుకున్నవాళ్లే.

"ఎప్పటి నుంచి తెలుసు సార్ మీకు?"

"తెలుసు అనకమ్మా. అనుమానం. పల్లెల్లో పిల్లలు ప్రమాదాల్లో పోవడం కొత్తేమీ కాదు." ఆయన ఫైలు మూసేశాడు. "మందు ఆపేస్తే ఈ వారమే ఎంతమంది పోతారో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. మృదులకు ఆ రోజు వేయకపోయుంటే?"

అది నిజమేనని ఇందుమతికి తెలుసు.

*

మూడో ఉత్తరంలో ఉన్న ఊరి పేరు పట్టుకుని ఆమె శనివారం బస్సెక్కింది. ధర్మవరం అవతల ఒక చిన్న పల్లె. కాలిన పాక స్థలంలో కొత్త రేకుల ఇల్లు లేచింది. ఇంటామె పేరు లింగమ్మ. మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. డాక్టరమ్మ వచ్చిందని లేచి, చాప పరిచి, మజ్జిగ ఇచ్చింది.

"చిన్న పాకే కదమ్మా," అంది లింగమ్మ, తానే మొదలుపెట్టి. "వాకిలి నుంచి పది అడుగులు లేదు. నా పెద్దోడు ఉరికి బయటకొచ్చినాడు. పాపా, పాపా అని ఎన్ని కేకలేసినా. పలకలేదు. పలకకపోతే మా ఇంటాయన ఏమనుకున్నాడు? అవ్వ ఇంటికి పోయుంటుందిలే అనుకున్నాడు. మంచం కింద ఉండె బిడ్డ. ఒక్క మాట పిలిచింటే పోయేవాళ్లం కదమ్మా. అగ్గిలో పడైనా పోయేవాళ్లం."

ఇందుమతి గ్లాసు కింద పెట్టింది.

"మంటలు ఆర్పినాక చూస్తే ఒంటి మీద కాలిన గాయం కూడా లేదు. పొగకు పోయింది. కళ్లు తెరుచుకునే ఉండె. ఆ చూపు..." లింగమ్మ ఆగిపోయి, మగ్గం మీది చీర అంచును వేళ్లతో సరిచేసింది. "భయపడలేదు నా బిడ్డ, అంతే చాలు అనుకుంటాండా. మీరు చదువుకున్నోళ్లు, మీరు చెప్పండి. భయపడింటే అరుస్తుంది కదా?"

"భయపడలేదమ్మా," అంది ఇందుమతి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ పాప ఎంతగా భయపడి ఉంటుందో, ఆ భయమంతా ఎటూ పోయే దారి లేక ఆ చిన్న గుండెలోనే ఎట్లా గడ్డకట్టి ఉంటుందో ఆలోచిస్తూ వచ్చింది.

*

"దాన్ని ఏది లేపుతుంది ఓబులేసన్నా?" అని మర్నాడు ఆమె అడిగింది. "మూడు వారాలయ్యాక పిల్ల తనంతట తానే పరుగెత్తడం మొదలుపెడుతుందా?"

ఓబులేసు ఆమె వైపు వింతగా చూశాడు. "తనంతట తాను యాడ లేస్తుంది డాక్టరమ్మా? తల్లి లేపుతుంది."

అప్పటిదాకా ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు. కంచె లోపల పిల్లల్ని రెండు వారాల పాటు రక్తపరీక్షలకు పట్టి ఉంచుకుని, తర్వాత తల్లుల దగ్గర వదిలేవాళ్లు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూసినవాళ్లు లేరు.

మరుసటి రోజు తెల్లవారుజామున బయలుదేరి, వెలుతురు వచ్చేసరికి ఇద్దరూ కంచె బయట గుట్ట మీద బండచాటున కూర్చున్నారు. కింద కంపచెట్ల మధ్య ఒక ఆడ చింకారా మేస్తోంది. నల్లని తోక క్షణం ఊరుకోకుండా ఊగుతోంది. దాని పిల్ల ఎక్కడుందో ఓబులేసు వేలితో చూపించాడు. రెండు గంటలకు పైగా ఎదురుచూశారు. ఎండ చురుక్కుమంటుండగా వాగు వైపు నుంచి ఒక తోడేలు వచ్చింది.

తల్లి తలెత్తింది. ముక్కుతో గట్టిగా చీదింది. ముందరి కాలితో నేలను రెండుసార్లు తన్నింది. పిల్ల కదలలేదు. తల్లి పరుగున పిల్ల దగ్గరికి వచ్చి, కొమ్ములతో దాని పొట్ట కింద పొడిచి లేపింది. పిల్ల తూలింది. మళ్లీ పడుకోబోయింది. తల్లి ఇంకోసారి చీది, నేలను తన్ని, ఈసారి గట్టిగా పొడిచింది. అప్పుడు లేచింది పిల్ల. లేచి, తల్లి వెంట, ఆ సన్నని కాళ్లు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియనంత వేగంగా పరుగెత్తింది. తోడేలు కొంతదూరం వెంటపడి ఆగిపోయింది.

"ఇట్లా నాలుగైదు మార్లు చేస్తాది," అన్నాడు ఓబులేసు. "ఆ మీదట చీదితే చాలు, లేస్తాది. ఆ మీదట చీదకపోయినా లేస్తాది. పదిహేడుకు తల్లి లేదు కదా. నేను ఎంతో చూసినా. ఆరో నెలలో కట్టెతో అదిలించినా, అరిచినా. ఎంత బెదిరిస్తే అంత గట్టిగా నేలకు కరుచుకుపోయేది. టైము దాటిపోయింది దానికి."

వయసు వల్ల వదిలేది కాదు అది. మూడు వారాలన్నది తల్లి నేర్పడానికి దొరికే గడువు మాత్రమే. కేశవమూర్తి లెక్క తప్పు కాదు. నాలుగు నెలలే. కానీ ఆ నాలుగు నెలల్లో ఆ పన్నెండు వందల మంది తల్లులూ బిడ్డ ఏడవకుండా పడుకుంటోందని మురిసిపోయారు. ఎవరూ లేపలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె కేశవమూర్తికి చెప్పింది. ఇప్పుడు మందు వేసుకుంటున్న బిడ్డలకు ఇంకా గడువుంది, తల్లులకు చెప్పి నేర్పిద్దాం అంది.

"ఏమని చెప్తావు?" ఆయన అలసిపోయిన గొంతుతో అడిగాడు. "మీ పసిబిడ్డను రోజూ భయపెట్టండి అనా? మిగతా పన్నెండు వందల మందికి, మీ బిడ్డలకు టైము దాటిపోయింది అనా? ఆ మాట విన్న తర్వాత ఏ తల్లి ఈ మందు వేయనిస్తుంది? ఒక ఏడాది ఆగు. పై కమిటీకి రాస్తాను."

"ఏడాదంటే ఇంకో నాలుగు వందల మంది సార్."

"నాలుగు వందల మంది బతుకుతారు," అన్నాడాయన.

ఇద్దరూ చెప్పింది ఒకే లెక్క. ఇందుమతి లేచి వచ్చేసింది. వచ్చేముందు తల్లుల పేర్లు, ఊర్లు ఉన్న జాబితాను సంచిలో పెట్టుకుంది. పది రోజుల్లో ఆమె రాసిన ఉత్తరాలు అందరికీ చేరాయి. పదకొండో రోజు ఉద్యోగం పోయింది.

*

పదిహేడుకు తల్లి లేదు. నా బిడ్డకు నేనున్నాను. ఇందుమతి ఆ ఒక్క ఆశను పట్టుకుంది.

రామాంజనేయులు బడికి పోగానే మొదలుపెట్టేది. రేకు డబ్బా మీద కట్టెతో కొట్టేది. పాప వాలిపోగానే ముక్కుతో చీది, పాదంతో నేలను రెండుసార్లు తన్ని, చంకల కింద చేతులు వేసి లేపి, చేయి పట్టుకుని పరుగెత్తించేది. మృదుల కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చేది గానీ పరుగు రాలేదు. కట్టెబొమ్మలాగా బిగుసుకుని ఉండేది. తేరుకున్నాక తల్లి ముఖంలోకి చూసి, "అమ్మా, నేను తప్పు చేసినానా?" అని అడిగేది. "లేదు తల్లీ, ఇది ఒక ఆట," అనేది ఇందుమతి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమిరి, నోటుబుక్కులో రాసుకునేది. మొదటి రోజు నాలుగు నిమిషాలు. రెండో వారం ఏడు. నెల తిరిగేసరికి పదహారు.

పెరుగుతోంది. ఎంత బెదిరిస్తే అంత గట్టిగా అని ఓబులేసు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. అయినా మానలేకపోయింది. ఈసారి లేస్తుందేమో, ఇంకొక్కసారి చేస్తే లేస్తుందేమో అనిపించేది. మానేస్తే లింగమ్మ బిడ్డ కళ్లు కనబడేవి. కొన్నాళ్లు డబ్బా పక్కనపెట్టి ఈలలు తెచ్చింది. తర్వాత ఈలలు పక్కనపెట్టి, పొరుగువాళ్ల కుక్కను గొలుసుతో పట్టుకొచ్చి వాకిట్లో మొరిగించింది.

బడిలో పరీక్షల రోజులు. రామాంజనేయులు ఒకపూటకే ఇంటికి వచ్చాడు. వాకిట్లో కుక్క మొరుగుతోంది. మృదుల మెట్ల కింద బోర్లా పడి ఉంది. ఇందుమతి చెమటలు కారుతూ, జుట్టు ముడి ఊడిపోయి, నేలను కాలితో తన్నుతూ పాప మీదికి వంగి, "లే, లేవే, లేచి పరుగెత్తు," అని గట్టిగా అంటోంది.

ఆయన ముందు కుక్కను వెళ్లగొట్టాడు. తర్వాత పాప పక్కన నేల మీద కూర్చుని, వీపు మీద చేయి వేసి ఎదురుచూశాడు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు.

"రెండు నెలలు."

పదిహేడు సంగతి, లింగమ్మ బిడ్డ సంగతి చెప్పి, నోటుబుక్కు ఆయన చేతికిచ్చింది. ఆయన లెక్కల మాస్టరు కాబట్టి అంకెలు చూడగానే అర్థమైంది. చివరి పేజీ దాకా తిప్పి మూసేశాడు. "నీకు కనబడలేదా ఇందూ? ఇది పైకి పోతాండాది."

"కనబడింది."

"కనబడినా చేసినావు."

ఆయన లోపలికి పోయి పాప గౌన్లు ఒక సంచిలో సర్దుకున్నాడు. రాయదుర్గంలో తన అక్క ఇంట్లో కొన్నాళ్లు ఉంచుతానన్నాడు. అరవలేదు, తిట్టలేదు. గడప దాటుతూ, "నువ్వు చెడ్డదానివి కాదు, నాకు తెలుసు. కానీ పాపకు ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు.

*

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఇందుమతి రాయదుర్గం వెళ్లింది. రమ్మని రామాంజనేయులే ఫోను చేశాడు. పాప బాగుందని, నవ్వుతోందని, అత్త పిల్లలతో బాగా ఆడుకుంటోందని చెప్పాడు. ఆమె గాజులు, ఒక పువ్వుల గౌను కొనుక్కుని వెళ్లింది.

గేటు బయటి నుంచే నవ్వులు వినబడ్డాయి. వాకిట్లో ముగ్గురు పిల్లలు సుద్దముక్కతో గళ్లు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. మృదుల ఒంటికాలి మీద గెంతుతోంది. బిళ్లను గీత దాటించి, చేతులు చాచి నిలదొక్కుకుని, గెలిచినట్టు తలెత్తింది. గేటు దగ్గర తల్లి కనబడింది.

అక్కడ చప్పుడు లేదు, కుక్క లేదు. ఇందుమతి నోరైనా తెరవలేదు. మృదుల ఎత్తిన కాలు దించి, మోకాళ్లు మడిచి, సుద్దగీతల మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించింది. కళ్లు తెరుచుకుని ఉన్నాయి. తల్లినే చూస్తున్నాయి.

మిగతా ఇద్దరు పిల్లలు ఆట ఆపేసి నిలబడ్డారు. రామాంజనేయులు లోపలి నుంచి పరుగున వచ్చి, పాపనూ గేటునూ మార్చి మార్చి చూశాడు. ఆయన ఏదో చెప్పబోయాడు. ఇందుమతి చేయెత్తి వద్దంది. కొన్న వస్తువుల సంచిని గేటు కడ్డీకి తగిలించి, ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా, వెనక్కి వెనక్కి నడిచి, పాప చూపు అందని మలుపు దాటాకే ఇటు తిరిగింది. బస్టాండులో కూర్చుని ఉండగా ఫోను వచ్చింది.

"ఇప్పుడే లేచింది," అన్నాడు రామాంజనేయులు. ఎంతసేపు పట్టిందో ఆయన చెప్పలేదు. గోడ మీది గడియారంలో నలభై నిమిషాలు గడిచినట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు సోమవారం. ఓబులేసు ఇంటి వెనక దొడ్డికి ఆ పూట ఏడుగురు తల్లులు వచ్చారు. ఉత్తరాలు అందుకున్న వాళ్లలో చాలామంది తిట్టుకున్నారు, కొందరు నమ్మలేదు. మూడు నాలుగు నెలల బిడ్డలున్న కొందరు మాత్రం నెల రోజులుగా వస్తున్నారు. చాప మీద బిడ్డను పడుకోబెట్టాలి. ఓబులేసు రేకు మీద ఒక్క దెబ్బ వేస్తాడు. బిడ్డ బిగుసుకోగానే తల్లి ముక్కుతో చీది, నేలను తన్ని, బిడ్డను చటుక్కున ఎత్తుకుని గోడ దాకా పరుగెత్తాలి. పూటకు పదిసార్లు. ఇప్పటికి ఐదుగురు బిడ్డలు నేర్చుకున్నారు. ఐదోవాడు మొన్న రేకు మోగగానే కాళ్లూ చేతులూ ఝాడించి గుక్కపట్టి ఏడిస్తే, వాడి తల్లి ఆ ఏడుపు ఆపడానికి ప్రయత్నించకుండా నిలబడి వింది. ఆస్పత్రుల్లో నిశ్చల ఇంకా వేస్తూనే ఉన్నారు. కమిటీ ఇంకా కూర్చోలేదు.

ఉరవకొండ వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లు కూడా ఉంటాయో లేదో, బిడ్డను రొమ్ముకు అదుముకుని దొడ్డి మూలలో నిలబడింది. చాప దగ్గరికి రాలేదు. మొదటి బిడ్డ. నిద్రలో నవ్వుతున్నాడు.

"ఇంత పసివాన్ని ఎట్లా బెదిరించేది డాక్టరమ్మా?" అంది. "నాకు చేతులు రావు. పెద్దయినాక నేర్చుకోడా?"

"నేర్చుకోడు."

ఆ అమ్మాయి సందేహిస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "మీ పాపకు కూడా ఇదే సూది వేసినారంట కదా. మీ పాప లేస్తాదా?"

దొడ్డిలో మిగతా తల్లులు తలలు తిప్పారు. ఓబులేసు నేల చూపులు చూశాడు.

"లేవదమ్మా," అంది ఇందుమతి. "నాకు తెలిసేసరికి టైము దాటిపోయింది. దాటిపోయిందని తెలిసి కూడా లేపబోయినా, అది ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడు నన్ను చూస్తేనే పడుకుంటాది." ఆమె చాప మీద దుప్పటి ముడతలు సరిచేసి, చేతులు చాచింది. "మీ వాడికి ఇంకా మూడు వారాల గడువుంది. తీసుకురా, పండుకోబెట్టు."

ఆ అమ్మాయి బిడ్డను చాప మీద పడుకోబెట్టింది. ఓబులేసు రేకు ఎత్తాడు.